తాత జావా, మావయ్య గ్రైండరు

తెనాలి దగ్గర పల్లెలో, గొడ్ల సావిట్లో ఏళ్ల తరబడి మూలన పడిన 1971 నాటి జావా 250 ఇది. ఇప్పుడు విజయవాడలో ఓ ఇంటి షెడ్డులో ఇటుకల మీద నిలబడి ఉంది. దానికి అటూ ఇటూ ఇద్దరు. మావయ్య ఆర్టీసీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మేనకోడలు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు చేతులకు గ్రీజు పూసుకుంటుంది. పెద్దాయన పాతదాన్ని పాతదిలాగే ఉంచమంటాడని, పిల్ల కొత్త సోకులు చేయిస్తుందని మనం అనుకుంటాం. ఇక్కడ తిరగబడింది. సోకులన్నీ మావయ్యవే. వాళ్ల మాటల్ని వాళ్ల నోటే వినండి. ఊరుకోలేని చోట నేనూ నోరు పెడతాను.

మావయ్య: ముందే చెబుతున్నానమ్మాయ్, తర్వాత అలగొద్దు. ముందు చక్రానికి డిస్కు బ్రేకు. 6 వోల్టుల డైనమో పీకేసి 12 వోల్టులు. వెనక మడ్గార్డు సగానికి కోసి, ఫ్రేము తోక కాస్త కత్తిరించి, ఒంటి సీటు. సైలెన్సర్లు రెండూ పొట్టివి. దసరాకల్లా రోడ్డెక్కిస్తా.

మేనకోడలు: మరి అందులో జావా ఏది మావయ్యా?

మావయ్య: ట్యాంకు మీద రాసి ఉంటుందిగా, చదువుకున్నదానివి.

మేనకోడలు: వెటకారం సరే. ఇది మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైన బండి. రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ చెకోస్లొవేకియా జావా వాళ్ల దగ్గర లైసెన్సు తెచ్చుకుని 1960లో మొదలుపెట్టారు. తర్వాత పేరు యెజ్డీ అయింది. 1996లో మూతబడింది. 2018లో జావా పేరుతో మళ్లీ వచ్చినవి ఫోర్ స్ట్రోకువి, నీళ్లతో చల్లబడే ఇంజన్లవి. పోలిక పైపైనే. ఇలాంటి బండి ఇక కొత్తగా ఒక్కటి కూడా రాదు. ఉన్నవాటిని కోసుకుంటూ పోతే తరగడమే తప్ప పెరగడం లేదు.

మావయ్య: నేను బస్సులు విప్పినవాణ్ణే. ఇంజన్ మొరాయిస్తే దించేసి, జోనల్ వర్క్‌షాపు నుంచి వచ్చిన రీకండిషన్ ఇంజన్ ఎక్కించేవాళ్లం. గేర్‌బాక్సు ఇంకో బస్సుది ఉండేది. పొద్దున్నే గుంటూరు సర్వీసు కదిలిందా లేదా అన్నదే మాకు లెక్క. ఇంజన్ ఒరిజినలేనా అని ఏ ప్యాసింజరూ అడగలేదు. ఢిల్లీలో యుద్ధం అయ్యాక మిగిలిన హార్లే బండ్లను మూడు చక్రాల ఫట్‌ఫటీలుగా మార్చి ఏళ్ల తరబడి జనాన్ని మోశారు. గుజరాత్‌లో బుల్లెట్ ముందు భాగానికి వెనక తొట్టి కట్టి ఛక్డా అన్నారు. మన దేశంలో బండిని మార్చుకోవడం నేరం ఎప్పుడయ్యిందే?

మేనకోడలు: ఆ ఫట్‌ఫటీల్ని 1998లో పొగ ఎక్కువని రోడ్ల మీద నుంచి తీసేశారు. ఇప్పుడు ఆ హార్లేలు ఏవీ? పొట్టకూటికి మార్చుకున్నవాళ్లను నేనేమీ అనను. వాళ్లకు వేరే దారి లేదు. నీకూ నాకూ స్కూటరుంది, కారుంది. మనం కోసేది అవసరానికి కాదు, సరదాకి.

మావయ్య: సరదాకి కోసినవీ నిలబడ్డాయి. యూట్యూబులో చూశాలే. 1950ల్లో, 60ల్లో లండన్‌లో ఏస్ కెఫే దగ్గర చేరే కుర్రాళ్లు నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజన్ బిగించి ట్రైటన్ అన్నారు. ఇప్పుడు ఆ ట్రైటన్లనే అపురూపంగా దాచుకుంటున్నారట. ఇవాళ కోసింది రేపటికి ఒరిజినలవుతుంది.

మేనకోడలు: నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేముకు మలుపుల్లో నిలకడ ఎక్కువ. ట్రయంఫ్ ఇంజనుకు లాగుడు ఎక్కువ. ఏది ఎందులో మేలో తెలిసి రెండూ కలిపారు. వెనక మడ్గార్డు సగానికి కోస్తే వచ్చే మేలేంటో చెప్పు. వానాకాలం వీపు మీద బురద తప్ప.

మావయ్య: అది అందం.

మేనకోడలు: అందం నీ ఇష్టం, ఫ్రేము తాతయ్యది.

మావయ్య: ఆఁ, తాతయ్య మాటెత్తావు కాబట్టి అడుగుతా. వెనక ఆ ఇనప స్టాండు చూశావా? పాలక్యాన్లు కట్టుకోవడానికి మా నాన్న వెల్డింగు చేయించాడు. ట్యాంకు మీద ఆకుపచ్చ రంగు? అదీ ఆయన వేయించిందే, మైసూరువాళ్లు కాదు. సీటు రెగ్జిను ఊళ్లో కుట్టించింది. హేండిలు ఎక్కడో పడి వంగితే ఇంకో బండిది వేశాడు. నువ్వు ఒరిజినల్ చేస్తానంటున్నావే, స్టాండు కోసేస్తావా? ఆకుపచ్చ గీకేస్తావా? నీకు కావాల్సింది మైసూరు ఫ్యాక్టరీ బండా, మీ తాతయ్య బండా? రెండూ ఒకటి కాదమ్మా.

(నాకు తెలిసి పాత బండ్ల వాదాల్లో ఎవరూ వేయని ప్రశ్న ఇది. రిస్టోరేషన్ అంటే గడియారాన్ని వెనక్కి తిప్పడం అనుకుంటాం. ఏ రోజు దాకా తిప్పాలో చెప్పం. షోరూము నుంచి బయటికొచ్చిన రోజుకా, పాలక్యాన్లు మోసిన రోజుకా? చాలామంది ఆలోచించకుండా మొదటి రోజును ఎంచుకుంటారు. ఆ రోజుకు క్యాటలాగు బొమ్మ ఉంటుంది, సామాన్లు అమ్మే కొట్టు ఉంటుంది, పోటీలో మార్కులుంటాయి. పాలక్యాన్ల రోజుకు ఇవేవీ ఉండవు.)

మేనకోడలు: స్టాండు ఉంచుదాం.

మావయ్య: అంత తేలిగ్గా ఒప్పుకున్నావేం?

మేనకోడలు: ఫ్యాక్టరీ బండి ఎలా ఉంటుందో పాత ఫొటోల్లో, ఇంకో నాలుగు బండ్లలో చూసి తెలుసుకోవచ్చు. ఆ స్టాండు ఇంకే బండికీ ఉండదు. రంగు మాత్రం తేలట్లేదు. ట్యాంకు బ్యాడ్జి విప్పితే దాని కింద మెరూను ఎండ తగలకుండా అలాగే ఉంది. ఆర్‌సీలో కూడా మెరూనే రాసుంది. ఆకుపచ్చ ఉంచితే కాగితం ప్రకారం తప్పు. గీకితే తాతయ్య పోతాడు.

మావయ్య: ఆర్‌సీలో రంగు మార్పించుకోవడం పెద్ద పనేం కాదు. అది వదిలెయ్. అసలు నువ్వు చేయబోయేది మాత్రం మార్పు కాదా? కొత్త రంగు, కొత్త క్రోము, కొత్తగా అచ్చు పోసిన రబ్బర్లు, ఎక్కడో చేసిన డూప్లికేటు బ్యాడ్జీలు. ఆఖరికి ఫ్యాక్టరీ చెయ్యి తగిలిన ముక్క ఎంత మిగులుతుంది? నేను కోస్తే పాపం, నువ్వు గీకితే పుణ్యమా?

మేనకోడలు: అందుకే గీకేది తక్కువ పెట్టుకుంటా. ట్యాంకు పక్కల క్రోము పొక్కిపోలేదు, చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టింది, అంతే. మొత్తం ఊడబీకి మళ్లీ వేయించేవాళ్లకు ఒక సంగతి తెలీదు. పైన మెరిసే క్రోము ఒక మైక్రాను మందం కూడా ఉండదు. తుప్పును ఆపేది దాని కింద ఉన్న నికెల్ పూత. సాన పట్టేవాడు మెరుపు కోసం గట్టిగా రుద్దితే, నికెల్‌తో పాటు రేకు కూడా పలచబడుతుంది. ఒకసారి పలచబడిన రేకును ఏ ప్లేటింగు కొట్టూ వెనక్కి తేలేదు. వేయించాల్సి వస్తే మాత్రం రాగి, నికెల్, క్రోము మూడూ వేసేవాడి దగ్గరికే పోవాలి. నేరుగా క్రోము కొట్టిస్తే ఒక్క వానాకాలానికే ఎర్రబడుతుంది.

మావయ్య: ట్యాంకు మీద బంగారు గీతలెవరు గీస్తారు?

మేనకోడలు: స్టిక్కరు వద్దు. పాత సైన్‌బోర్డు ఆర్టిస్టును పట్టుకుందాం. ఫ్లెక్సీలొచ్చాక వాళ్లలో చాలామందికి పని పోయింది. పొడవాటి కుచ్చు బ్రష్షుతో చెయ్యి వణక్కుండా ఒకే లాగుడులో గీత తీసే పనితనం వాళ్లకింకా ఉంది.

మావయ్య: ఇది నచ్చింది. కానీ బ్రేకు సంగతి వదలను. ఇప్పుడు బెంజి సర్కిల్‌లో నీ ముందు స్కూటీ బ్రేకు కొడితే అక్కడికక్కడ ఆగుతుంది. నీ డ్రమ్ము బ్రేకు ఇంకో రెండు బండ్ల దూరం వెళ్లి ఆగుతుంది. ఆ దూరంలో ఎవరైనా పిల్లాడు అడ్డమొస్తే?

మేనకోడలు: డిస్కు పెట్టాలంటే హబ్బు మారాలి, ఫోర్కు మారాలి. ఇది 16 అంగుళాల చక్రం. వేరే బండి ఫోర్కు వేస్తే ముందు భాగం ఎత్తు మారుతుంది, ఫోర్కు వాలు మారుతుంది, మలుపులో బండి ప్రవర్తన మొత్తం మారుతుంది. ఒక్క బ్రేకు బాగుచేయబోయి బండినంతా తెలియని బండిని చేస్తాం. ముందు ఉన్నదాన్ని సరిగ్గా చేసి చూద్దాం. డ్రమ్ము గుండ్రం తప్పి ఉంటుంది, ఆటోనగర్‌లో లేతు మీద పలచగా చెక్కిస్తే సరిపోతుంది. షూలకు కొత్త లైనింగు అంటించి, అది డ్రమ్ముకు నిండా ఆనేలా ఒదిగించాలి. కేబులు కొత్తది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి పెట్టి ఊదకు, తడి గుడ్డతో తుడువు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం.

మావయ్య: అయినా డిస్కంత పట్టదు.

మేనకోడలు: పట్టదు. ముందు బండికి దూరంగా నడుపుతా. స్పీడు తగ్గిస్తా. అది 1971 బండి, నేను దానికి తగ్గట్టు నడవాలి.

మావయ్య: నువ్వు నడుస్తావు. వెనక లారీవాడు నడవడు.

(ఈ ఒక్క చోట నేను మావయ్య పక్షం. బండి ఎంత పాతదైనా రోడ్డు ఇవాళ్టిదే. బ్రేకు లైట్లు, టైర్లు, అద్దాలు, ఈ మూడింట్లో పాతదనం కోసం పట్టుబట్టడం మొండితనం. గట్టిపడి పగుళ్లిచ్చిన పాత టైరును ‘ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే’ అని గర్వంగా చూపించేవాళ్లుంటారు. వాళ్ల వెనక సీటు మీద నేనెక్కను.)

మేనకోడలు: లారీ గురించి అంటే మాత్రం 12 వోల్టులకు నేనొప్పుకుంటా. ఈ డైనమో ఇచ్చేది 45 వాట్లు. హెడ్‌లైటు, వెనక లైటు, హారను అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఇంజన్ నిదానంగా తిరుగుతుంటే లైటు మినుకు మినుకుమంటుంది. వెనకవాడికి మనం కనపడం. ఈ పాత జావాల కోసమే చెక్ దేశంలో ఇప్పటికీ 12 వోల్టుల కిట్టు చేస్తున్నారు. డైనమో విప్పి, అదే చోట బోల్టులతో బిగించడమే. డైనమోను నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెడదాం. రేపెవరికైనా పాతదే కావాలనిపిస్తే ఒక్క పూటలో మార్చుకుంటారు.

మావయ్య: చూశావా, నువ్వూ మారుస్తున్నావు.

మేనకోడలు: పానాతో విప్పి బిగించేది ఏదైనా మార్చు, నేనడ్డురాను. గ్రైండరు మాత్రం వద్దు. బోల్టు వెనక్కి వస్తుంది, కోసింది రాదు. నాకున్న గీత అదొక్కటే.

మావయ్య: సైలెన్సరు కూడా బోల్టులతో బిగించిందే. పొట్టివి వేస్తా, నచ్చకపోతే పాతవి వేసుకో.

మేనకోడలు: వేసుకోవచ్చు. కానీ బండి లాగదు. ఇది టూ స్ట్రోకు మావయ్యా, వాల్వులుండవు. సిలిండరులోంచి పొగ పోయే దారి తెరిచి ఉండగానే కొత్త పెట్రోలు గాలీ లోపలికొస్తాయి. అందులో కొంత పొగతో పాటు బయటికి జారిపోతుంది. సైలెన్సరు లోపల తగిలి వెనక్కొచ్చే ఒత్తిడి ఆ జారేదాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది. సైలెన్సరు పొడవు మార్చావంటే ఆ ఒత్తిడి వచ్చే వేళ తప్పుతుంది. శబ్దం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. బుల్లెట్ కుర్రాళ్లను చూసి జావాకు చేస్తే ఇదే జరుగుతుంది. దీనికి ఒకే సిలిండరు, దానికి రెండు పొగ దారులు, రెండు సైలెన్సర్లు. ఆ రెండింటి లోపల ఎన్నేళ్ల మసి పేరుకుందో. అది తీస్తే చాలు, నీ పొట్టి సైలెన్సరు కంటే బాగా లాగుతుంది.

మావయ్య: మసికి కాస్టిక్ సోడా.

మేనకోడలు: లోపలి బ్యాఫిలు విప్పి దాన్ని నానబెట్టు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు. అల్యూమినియం ముక్క ఒక్కటీ అందులో పడకూడదు, తినేస్తుంది.

మావయ్య: అది నాకు నువ్వు చెప్పాలా!

ఇంజన్ దగ్గర ఇద్దరికీ గొడవే లేదు. ప్లగ్గు రంధ్రంలో నూనె పోసి వారం నానబెట్టాక పిస్టను కదిలింది. సిలిండరు అరిగింది కాబట్టి రీబోరు, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టను. క్రాంకు పక్కల ఆయిల్ సీళ్లు కొత్తవి తప్పనిసరి. టూ స్ట్రోకులో ఆ సీలు గట్టిపడితే పక్కనుంచి గాలి లాగి, మిశ్రమం పలచనై, పిస్టను పట్టేస్తుంది. పాయింట్ల గ్యాపు 0.4 మిల్లీమీటర్లు, కిట్టు వేసేదాకా. ఈ పనులు ఇద్దరూ మాట్లాడుకోకుండానే చేసుకుపోయారు. మాటలు మళ్లీ పెట్రోలు దగ్గర మొదలయ్యాయి.

మావయ్య: లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు. మా నాన్న సీసా మూతతో కొలిచేవాడు. దిగుడులో యాక్సిలేటరు పూర్తిగా మూసి ఎక్కువ దూరం పోనిచ్చేవాడు కాదు. పెట్రోలుతోనే ఆయిలు వస్తుంది కదా, పెట్రోలు ఆగితే లోపల ఎండుతుందనేవాడు.

మేనకోడలు: ఆయన రోజుల్లో లేనిదొకటి ఇప్పుడుంది. బంకు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, పెట్రోలు ట్యాపులో కార్కును పాడుచేస్తుంది, గాల్లో తేమను లాక్కుంటుంది. నెలలు కదపకుండా పెడితే నీళ్లు విడిపోయి ట్యాంకు అడుగున చేరి తుప్పు పడుతుంది. పైపులు, వాషర్లు వైటాన్ రబ్బరువి వేద్దాం. నడపని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి పెడదాం. ఇవి బయటికి కనపడవు, బండిని మాత్రం బతికిస్తాయి.

మావయ్య: ఇంత చేసి దీన్ని వింటేజి కింద రాయించుకుంటావా? యాభై ఏళ్లు దాటిందిగా.

మేనకోడలు: అక్కడే చిక్కు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్సు ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజిగా రాయించుకోవచ్చు. పాత నంబరు అలాగే ఉంచుతారు. కానీ చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. రాశాక ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు.

మావయ్య: అంటే ఇంత కష్టపడి తయారు చేసిన బండి మీద తెనాలి దాకా పోయి రావడానికి కూడా వీల్లేదా? అద్దాల బీరువాలో పెట్టుకో అయితే!

మేనకోడలు: అందుకే నేను వింటేజికి దరఖాస్తు పెట్టను. మామూలు ఆర్‌సీనే అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటా. పొద్దున్న పొద్దున్నే తెనాలి పోయి రావాలి నాకు. కానీ నీ గ్రైండరుకు అడ్డుపడేది వింటేజి రూలు కాదు, 1988 మోటారు వాహనాల చట్టం. అందులో 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేకపోతే రెండూ అని చేర్చారు. ఫ్రేము తోక ఒకటి, ఫోర్కు ఒకటి, లెక్కేసుకో.

మావయ్య: పదివేలు. దానికన్నా నీకు మడ్గార్డు వదిలేయడమే చవక.

మేనకోడలు: ఆకుపచ్చ రంగు?

మావయ్య: అది నీ ఇష్టం. ఒక్క మాట మాత్రం. మా నాన్న ఆ రంగు వేయించింది అందానికి కాదు. పంచాయతీ పంపు షెడ్డుకు వేయగా మిగిలిన డబ్బా చవగ్గా వచ్చిందని.

రంగు ఇంకా తేలలేదు. మిగతావి తేలాయి. గ్రైండరు పెట్టెలోకి పోయింది, 12 వోల్టుల కిట్టుకు ఆర్డరు పెట్టారు, డిస్కు బ్రేకు లేదు, పాలక్యాన్ల స్టాండు ఉంటుంది. ఇద్దరిలో ఎవరు గెలిచారంటే మేనకోడలే అంటాను. అయితే మావయ్య ఆ పాలక్యాన్ల ప్రశ్న వేయకపోయుంటే ఆమె బండి ఫొటోలోని బండిలా తయారయ్యేది, అంతకంటే ఏమీ అయ్యేది కాదు. ఆ స్టాండు కూడా వెల్డింగే, ఫ్రేముకు చేసిన మార్పే. చట్టం దాన్నెలా చూస్తుందో అడిగి తెలుసుకునే పని వాళ్లకింకా మిగిలే ఉంది.

మీ ఇంటి వెనకా ఇలాంటి జావానో, యెజ్డీనో, రాజ్‌దూతో పడి ఉంటే పాత ఇనప సామాన్లవాడి తక్కెడ ఎక్కించే ముందు రెండు పనులు చేయండి. ఆర్‌సీ వెతకండి, ఇంజన్ నంబరూ చాసిస్ నంబరూ అందులో ఉన్నవాటితో సరిపోతున్నాయో చూడండి. సరిపోతే ఒక్క బోల్టు కూడా ఊడదీయక ముందే బండిని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి. వైరు ఎటు నుంచి ఎటు పోయిందో, ఏ వాషరు ఎక్కడుందో విప్పాక ఎవరికీ గుర్తుండదు.